తార్నాకలోని గుఱ్ఱపుసాలయు, మన మొక్కజొన్నయు

గత సర్వసభ్య సమావేశమున ఒక సభ్యుడు లేచి, "తడిసి ఎండిన మొక్కజొన్నను మన గేదెలు తిని పాలిచ్చుచుండగా, అదే గింజ పట్టణములో గుఱ్ఱమును చంపినదని ఎట్లు నమ్మవలెను?" అని అడిగెను. కాలము చాలక ఆనాడు నేను చెప్పిన సమాధానము ఆయనకును తృప్తి నీయలేదు, నాకును తృప్తి నీయలేదు. ఆ గుఱ్ఱమున్న సాలకు 2024వ సంవత్సరపు చలికాలమంతయు నేను వారమున కొకసారి పోవుచుంటిని. ఆ గింజను చూచి, పంపవచ్చునని చెప్పినవాడను కూడ నేనే. కావున జరిగినదానిని మొదటినుండి వ్రాయుట నా విధి. మన సభ్యులలో గుఱ్ఱమును పెంచువారు నేడు లేరు. కాని గుఱ్ఱము తినుదానిని పండించువారు పలువురున్నారు.

ఆ సాల హైదరాబాదులో తార్నాకకును ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమునకును నడుమ ఒక సందులో నున్నది. మెట్రో రైలు నెత్తిమీద పోవు పెద్ద రోడ్డును విడిచి రెండు మలుపులు తిరిగినచో మోటారుల రొద తగ్గి, లద్దె వాసనయు ఉడికిన ఉలవల వాసనయు కలిసి ముక్కునకు తగులును. రేకుల కప్పు క్రింద ఆరు గుఱ్ఱములు. వానిలో రెండు ఇంటివి, నాలుగు పరులవి. ఇంటిపెద్ద తాత జట్కా తోలినవాడు. జట్కాలు పోయిన పిమ్మట తండ్రి పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱము నిచ్చి సంసారమును నడపెను. ఇప్పుడు వీరు దానితోపాటు ఇతరుల గుఱ్ఱములను నెలసరి రుసుముపై తమ సాలలో నుంచుకొని పోషించుచున్నారు. యజమానులలో ఒకరు వైద్యులు, ఒకరు వర్తకులు, ఒకరు కుమారుని ముచ్చటకై గుఱ్ఱమును కొని, అది ప్రతిదినము తినునను సంగతిని తరువాత తెలిసికొన్నవారు.

ఆ ప్రాంతమునకు గుఱ్ఱముతో పాత చుట్టరికము కలదు. విశ్వవిద్యాలయము వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు మహలఖా బాయి చందా అను కవయిత్రి జాగీరని చెప్పుదురు. 1768లో పుట్టి 1824లో గతించిన ఆమె స్వారీలోను విలువిద్యలోను నేర్పరి. ఆమె సమాధి దగ్గఱలోని మౌలా అలీ గుట్ట క్రింద నున్నది. ఆ మౌలా అలీలోనే 1868లో గుఱ్ఱపు పందెములు మొదలై, 1886లో మలక్‌పేటకు మారినవి. నేడు గుఱ్ఱము తగ్గిపోవుచున్న జంతువు. 2019వ సంవత్సరపు పశుగణనలో దేశమంతట గుఱ్ఱములును తట్టువలును కలిపి సుమారు 3 లక్షల 40 వేలు మాత్రమే తేలినవి. 2012 నాటి లెక్కకంటె ఇది 45 శాతమునకు మించిన తగ్గుదల. మిగిలినవానిలో పట్టణపు సందులలో నిట్లు బ్రదుకునవి కొన్ని.

ఇక చలికాలపు పోషణమును గూర్చి. హైదరాబాదులో చలి గుఱ్ఱమునకు శత్రువు కాదు. అచ్చట నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8వ తేదీని. సామాన్యముగా జనవరి రాత్రులు 14, 15 డిగ్రీల దగ్గఱ నుండును. ఆరోగ్యముగల గుఱ్ఱము, కడుపునిండ గడ్డి దొరకినచో, అంతకంటె హెచ్చు చలిని తేలికగా నోర్చుకొనును. గడ్డి దాని పెద్దప్రేగులో పులియునపుడు పుట్టు వేడియే దానికి కుంపటి. అయినను మనుష్యుడు తనకు చలి వేసినచో పశువునకును వేయుచున్నదని తలచును. నేను మొదటిసారి పోయినప్పుడు ఆ సాల చుట్టును గోనెపట్టాలు కట్టి, సందు లేకుండ మూసియుండిరి. తెల్లవారుజామున లోపల అడుగిడగానే మూత్రపు ఘాటుకు కండ్లు మండినవి. రెండు గుఱ్ఱములు దగ్గుచుండెను. ఇంటిపెద్ద కుమారుని నేలమీద కూర్చుండబెట్టి, "గుఱ్ఱము పండుకొన్నపుడు దాని ముక్కు ఇంత ఎత్తున నుండును, ఊపిరి పీల్చుము" అంటిని. అతడు రెండు నిమిషములు కూర్చుండలేకపోయెను. ఆ సాయంకాలమే పైసగము పట్టాలు విప్పించిరి. తడిసిన పడకగడ్డిని దినమునకు రెండుసార్లు తీయ నారంభించిరి. పదిదినములలో దగ్గు తగ్గెను. మన పశువుల కొట్టములలోను చలికాలమున ఇదే తప్పు జరుగుచున్నది. అది వేఱొకసారి వ్రాసెదను.

చలికాలమున గుఱ్ఱమును చంపునది తక్కువ నీరు. ఒక మోస్తరు గుఱ్ఱము దినమునకు 25 నుండి 30 లీటర్ల నీరు త్రాగవలెను. పని చేసినచో ఇంకను ఎక్కువ. చలిలో అది తొట్టిని మూతితో తాకి విడిచిపెట్టును. తినునది ఎండుగడ్డి, త్రాగునది స్వల్పము. ప్రేగులలో మేత గట్టిపడి అడ్డుపడును. గుఱ్ఱమునకు వాంతి చేసికొను శక్తి లేదు. కడుపు చిన్నది, ప్రేగు చాల పొడవైనది, మలుపులు పెక్కు. కావున మనకు అజీర్ణమై పోవునది దానికి ప్రాణాంతకమైన శూల యగును. మేత మానుట, పక్కలవైపు తిరిగి చూచుకొనుట, ముంగాలితో నేల గీకుట, పడి పొర్లుట, లద్దె వేయకుండుట దాని గుర్తులు. విశ్రాంతిగా నున్న గుఱ్ఱపు నాడి నిమిషమునకు 28 మొదలు 44 వఱకు కొట్టుకొనును; 60 దాటినచో జాము కూడ జాగు చేయరాదు, పశువైద్యుని పిలువవలెను.

ఆ ఇంట ఈ విషయమున నేను నేర్పినదేమియు లేదు; నేర్చుకొన్నదే కలదు. ఇంటి ఇల్లాలు సాల గోడమీద ఆరు గడులు గీసి, ఏ గుఱ్ఱము ఎన్ని బొక్కెనలు త్రాగినదో ప్రతిదినము బొగ్గుతో గీతలు పెట్టును. ఆమెకు చదువు రాదు. నిన్నటికంటె ఒక గీత తగ్గినచో ఆ పూట దాణాలో నీరు పోసి జావగా చేయును, చెంచెడు ఉప్పు కలుపును, ఎండుగడ్డిని తడిపి వేయును. రెండు గీతలు తగ్గినచో భర్తను లేపును. ఉదయము తొట్టిలోని నీరు చల్లగా నున్నదని ఒక బిందె వేడినీరు కలిపి గోరువెచ్చన చేయుట కూడ ఆమె అలవాటు. గుఱ్ఱములు గోరువెచ్చని నీటిని హెచ్చుగా త్రాగునను మాట నిజమే. శూల వచ్చినపుడు వెదురుగొట్టముతో నూనెయు వాముకషాయమును గొంతులో పోయు పాత పద్ధతి మాత్రము ఆ ఇంట ఇంకను ఉండెను. దానిని మానుడని గట్టిగా చెప్పితిని. తల యెత్తి బలవంతముగా పోసినది ఊపిరితిత్తులలోనికి దిగినచో, శూలనుండి బ్రదికిన గుఱ్ఱము ఊపిరితిత్తుల వాపుతో పోవును.

నీటి లెక్క ఇంటివద్ద ఎంత సరిగా నున్నను, పెండ్లిరాత్రులలో తప్పును. కార్తిక మార్గశిరములలో ఊరేగింపులు మెండు. సాయంకాలము ఏడు గంటలకు గుఱ్ఱమునకు జరీ బట్ట కప్పి తోలుకొని పోవుదురు. పెండ్లికుమారుడు ఎక్కునప్పటికి తొమ్మిదియో పదియో యగును. బాజాలు, టపాకాయలు, కండ్లలో పడు దీపములు, కాళ్లక్రింద నృత్యము. ఈ నడుమ ఒక బొక్కెన నీరు పెట్టుటకు ఎవరికిని తీరిక యుండదు. ఇంటిపెద్ద ఇప్పుడు బండిలో రెండు డబ్బాల నీరు వెంట తీసికొని పోవుచున్నాడు. తిరిగి వచ్చిన గుఱ్ఱము చెమటతో తడిసియుండును. దానిని వెంటనే గాలిలో కట్టరాదు, వెంటనే దాణా పెట్టరాదు. మెల్లగా నడపి, ఎండుగడ్డి పిడికిలితో రుద్ది, ఒడలు ఆరిన పిమ్మట దుప్పటి కప్పవలెను. రాత్రి రెండు గంటలకు ఈ పని చేయునది ఎక్కువగా ఇంటి చిన్నకుమారుడు. ఉదయము ఎనిమిదింటికి అతడు కాలేజీకి పోవలెను.

ధనుర్మాసము వచ్చినచో మన పెండ్లిండ్లు నిలిచిపోవును, గుఱ్ఱమునకు విశ్రాంతి. అపుడొక ప్రమాదము కలదు. పని లేని దినములలో కూడ పనిదినపు దాణానే పెట్టి, తరువాత ఒకనాడు హఠాత్తుగా తోలినచో తొడకండరములు బిగిసిపోయి, మూత్రము నల్లగా వచ్చి, గుఱ్ఱము నిలుచున్నచోటినుండి కదలలేదు. విశ్రాంతి దినమున దాణాను సగమునకు తగ్గించి, ఉదయము తప్పక నడిపించవలెను. ఆ పిల్లలు తెల్లవారకముందే గుఱ్ఱములను రోడ్డు ప్రక్కన నడపించుకొని వచ్చుట నేను పలుమార్లు చూచితిని. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల రాతిభవనము ఆ వేళ మంచులో సగమే కనబడును. నడచు పెద్దలు ఆగి గుఱ్ఱము మెడ నిమిరి పోవుదురు.

పరుల గుఱ్ఱములను ఉంచుకొనుటలో గల చిక్కులను వ్రాసినచో ఈ సంచిక చాలదు. ఒకరు తమ గుఱ్ఱమునకు బెల్లము పెట్టుమందురు, ఒకరు శనగలు తప్ప వేఱేమియు వలదందురు. ఆదివారము వచ్చినవారు సంచెడు ఆపిలుపండ్లు పెట్టి ముద్దాడి పోవుదురు. సోమవారము శూలతో మేలుకొనునది ఆ ఇంటివారు. గింజయు తీపియు మితిమీరినచో గుఱ్ఱపు గిట్టలలో వాపు పుట్టి జన్మాంతము కుంటును. క్రొత్తగా వచ్చిన గుఱ్ఱమును మూడువారములు ఎడముగా కట్టి, బొక్కెనయు గొరపమును వేఱుగా నుంచవలెను. ముక్కునుండి చీము కాఱునదేమో చూచి, రక్తపరీక్ష చేయించవలెను. గ్లాండర్స్ అను వ్యాధి గుఱ్ఱమునుండి మనుష్యునకును సోకును. దానికి టీకా లేదు. అది తెలిసినచో ప్రభుత్వ పశువైద్య శాఖకు తెలుపుట చట్టప్రకారము తప్పనిసరి. చలికాలమున రుసుము పంపుట మఱచు యజమానులును కలరు. గుఱ్ఱము మాత్రము తినుట మఱువదు.

ఇంతవఱకు ఆ ఇంటివారి సంగతి. ఇక దాణా సంగతి, అనగా మన సంగతి.

మన తెలుగుదేశపు గుఱ్ఱమునకు అనాదిగా దాణా ఉలవ. ఆంగ్లేయులు ఉలవకు పెట్టిన పేరే గుఱ్ఱపు పేరు. దానిలో నూటికి 22 పాళ్లు మాంసకృత్తులున్నవి. 100 గ్రాములలో సున్నపుధాతువు 287 మిల్లీగ్రాములు. ఈ సున్నపుధాతువు గుఱ్ఱమునకు ముఖ్యము. ఎందుకనగా పట్టణపు సాలలలో ఉలవకు బదులు చవుకయని తవుడు హెచ్చుగా పెట్టుదురు. తవుడులో భాస్వరము మిక్కుటము, సున్నము అత్యల్పము. దానిపై నేపియర్ గడ్డి వేసినచో, ఆ గడ్డిలోని ఆక్సలేటు ఉన్న సున్నమును కూడ కట్టివేయును. కొన్ని నెలలలో గుఱ్ఱము తన యెముకలలోని సున్నమునే తీసికొని, ముఖపుటెముకలు మెత్తబడి ఉబ్బును. కొంచెము లూసర్ను గడ్డి వేసినచో ఈ లోపము తీరును. నీటివసతి గల సభ్యులు అర ఎకరము లూసర్ను వేసినచో కొనువారు కలరని దీనివలన గ్రహింపవలెను. లేత జొన్న మాత్రము గుఱ్ఱమునకు పంపకుడు. అది పశువునకు వలెనే దీనికిని విషము. ముదిరిన పచ్చిజొన్న కూడ చాలదినములు మేసినచో గుఱ్ఱపు మూత్రాశయము చెడి, వెనుకకాళ్లు పట్టుదప్పును.

మన ఉలవ పుష్యమాసమునకు గాని చేతికి రాదు. కార్తికమున పాత ఉలవ ధర పెరిగియుండును. క్రొత్త మొక్కజొన్న మాత్రము చవుకగా నుండును. 2024 కార్తికమున ఆ ఇంటిపెద్ద నన్ను మొక్కజొన్న అడుగుటకు కారణమిదియే. మన సంఘము ఐదు బస్తాలు పంపెను. ఆ పంట కంకిమీదనుండగా వానలు పట్టుకొన్నవని మనకందఱకు తెలియును. తరువాత బాగుగా ఎండినది. నేను బస్తా మూతి విప్పి, పైనున్న గింజలను దోసిట పోసికొని, కొఱికి చూచి, "గట్టిగా నున్నది, పంపవచ్చును" అంటిని. బస్తా అడుగునకు చేయి పెట్టలేదు. ఎండినదా అని చూచితిని గాని, ఎండక ముందేమి జరిగినదని చూడలేదు.

ఇంటి గుఱ్ఱములలో ఒకటి తెల్లని గోడిగ. ఊరేగింపులకు అందఱును దానినే కోరుదురు. ఆ ఇంటి చలికాలపు రాబడిలో సగము దానిది. ప్రతిరాత్రి పనిచేయుచున్నదని దానికి మొక్కజొన్న దినమునకు రెండు కిలోలకు పైగా పెట్టిరి. తక్కినవానికి అందులో సగము, కొన్నిటికి ఏమియు లేదు. మూడవ వారమున ఒక ఉదయము అది దాణా నోటనుంచుకొని నమలక నిలిచియుండెను. మధ్యాహ్నమునకు తల గోడకు ఆనించి నిలిచెను. చేయి యాడించినను కన్ను ఆర్పలేదు. క్రింది పెదవి వ్రేలాడెను. రాత్రి ఒకే వైపునకు గుండ్రముగా తిరుగుచు గుంజలకు కొట్టుకొనుచుండెను. పొరుగువారు దిష్టి యనిరి. వచ్చిన పశువైద్యులు మొదట పిచ్చికుక్క కాటును సందేహించి, ఎవరును దాని నోట చేయి పెట్టరాదని కట్టడి చేసిరి. రెండవనాటి తెల్లవారుజామున అది చనిపోయెను. తల తెఱచి చూడగా మెదడులోని తెల్లని భాగము మెత్తబడి అచ్చటచ్చట నీరై యుండెను. పరీక్షలో రేబిస్ కాదని తేలెను. అప్పుడు వైద్యులు అడిగిన మొదటి ప్రశ్న, "మొక్కజొన్న పెట్టుచున్నారా?" అని.

మిగిలిన రెండు బస్తాలను క్రుమ్మరించి చూచితిమి. అడుగున విఱిగిన నూకయు, తేలికపాటి గింజయు, పొడియు నుండెను. కొన్ని గింజలపై గులాబివన్నె కలిసిన తెల్లని బూజు; కొన్నింటిపై నక్షత్రమువలె విచ్చిన తెల్లని చారలు. చాల గింజలు మాత్రము ఏ మచ్చయు లేక మంచివిగా కనబడినవి. గోడమీద ఆ గోడిగ గడిలో చివరి దినమునకు ఒకే గీత యున్నది.

ఆ బూజు పేరు ఫ్యుజేరియం. పంట పొలములో నుండగనే కంకిలో చేరి, వానవలన వృద్ధియై, ఫ్యుమోనిసిన్ అను విషమును పుట్టించును. అమెరికాలో బూజుపట్టిన మొక్కజొన్న తిని గుఱ్ఱములు గ్రుడ్డివై తూలి చచ్చుట నూఱేండ్లకు పూర్వమే తెలియును. కాని ఆ విషము ఏదో 1988లో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు వేఱుపఱచు వఱకు తెలియలేదు. జంతువులలో గుఱ్ఱమునకే ఇది మిక్కిలి తీవ్రముగా తగులును. 2001లో అమెరికా ప్రభుత్వము చేసిన సూచన ప్రకారము గుఱ్ఱమునకు పెట్టు మొక్కజొన్నలో ఈ విషము పదిలక్షల పాళ్లకు 5 పాళ్లు మించరాదు. అట్టి మొక్కజొన్న కూడ మొత్తము మేతలో అయిదవ వంతునకు మించరాదు. మాంసమునకై పెంచు పశువులకు పెట్టుదానిలో మాత్రము 60 పాళ్ల వఱకు ఒప్పుకొనిరి. సభ్యుని ప్రశ్నకు సమాధానము ఈ రెండు అంకెల నడుమనున్నది. నెమరువేయు పశువు దేహము ఈ విషమును చాల స్వల్పముగా లోనికి తీసికొని, తక్కినదానిని పేడతో విడిచివేయును. మన గేదె తిని బాగుగా నుండుట నిజము. గోడిగ తిని చచ్చుటయు నిజము.

గేదెకు బాగుగా నున్నది గదా యని ఇంటిలో వాడుకొనువారికి ఒక మాట. ఆ సాలనుండి నడచిపోదగిన దూరములో, తార్నాకలోనే, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1995లో దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామములలో కోతవేళ వానకు తడిసి బూజుపట్టిన జొన్నలను, మొక్కజొన్నలను తిన్న జనులకు కడుపునొప్పి, విరేచనములు పట్టుకొన్నవి. ఆ సంస్థవారు పరిశోధించి, ఆ గింజలలో ఈ ఫ్యుమోనిసినే యున్నదని 1997లో ప్రకటించిరి. ఇంత దగ్గఱ తెలిసియున్న సంగతి నాకు తెలియకపోవుట నా తప్పు. చదువనిది కాదు, చదివియు, బస్తా ముందు నిలిచినపుడు తలపునకు రాలేదు.

ఎండబెట్టినంతమాత్రమున విషము పోదు. ఎండు బూజును చంపునే గాని అది వదలిన విషమును చంపదు. ఉడికించినను వేయించినను దానిని నమ్మరాదు. విఱిగిన గింజలోను, నూకలోను, పొడిలోను విషము హెచ్చుగా చేరియుండును. కావున జల్లించి తూర్పారబట్టుట కొంత మేలు, పూర్తి మేలు కాదు. వాన పట్టిన మొక్కజొన్నను గుఱ్ఱపుసాలకు ఏ ధరకైనను అమ్మరాదనియే నా అభిప్రాయము. మంచి గింజను కూడ తేమ 14 శాతమునకు దిగువనున్నపుడే బస్తాకెత్తవలెను. కొలుచు యంత్రము లేనివారు పొడి సీసాలో మూడవ వంతు గింజ పోసి, పొడి ఉప్పు పిడికెడు వేసి, మూతపెట్టి కొన్ని నిమిషములు కుదిపి పావుగంట ఉంచవలెను. ఉప్పు సీసా గోడకు అంటుకొన్నచో గింజ ఇంకను ఎండలేదు. ఈ సీసా ఒకటి ఇప్పుడు సంఘ కార్యాలయమున బల్లమీద నుంచితిని.

ఇంకొక సంగతి కూడ ఇచ్చటనే చెప్పవలెను. కొందఱు సభ్యులు పిండిమరలో కోళ్ల దాణా ఆడించిన వెంటనే గుఱ్ఱపు దాణాను ఆడించి పంపవచ్చునా యని అడిగిరి. అట్లు చేయకుడు. కోళ్ల దాణాలో కలుపు మోనెన్సిన్ అను మందు కోడికి ఔషధము. గుఱ్ఱమునకు గుండెను ఆపు విషము. శరీరపు బరువులో కిలో ఒక్కింటికి 2, 3 మిల్లీగ్రాములు చాలును. కోడిని చంపవలెనన్న దానికి ఎన్నో రెట్లు కావలెను. మరలో మిగిలిన పొడి కూడ అపాయమే.

రైతు సోదరులారా, ఆ గోడిగ నష్టమును గూర్చి మన కార్యవర్గము చేసిన తీర్మానము మీకు తెలియును. ఐదు బస్తాల వెలయు తిరిగి ఇచ్చిరి. గోడిగ వెల ఇచ్చినచో తప్పు ఒప్పుకొన్నట్లగునని కొందఱు వాదించిరి. వాన మన చేతిలో లేదనియు అనిరి. వాన మన చేతిలో లేదు. బస్తా మన చేతిలో నుండెను. పట్టణమునకు నేరుగా అమ్మి దళారి లాభమును మనము పంచుకొనుటకు ఇష్టపడినపుడు, దళారి తలపై పడవలసిన నష్టమును పంచుకొనుటకును ఇష్టపడవలెను. ఆ ఇంటివారు 2025 మాఘమున ఎరువు తెచ్చిన గుఱ్ఱముతో ఊరేగింపులు చేసిరి. వచ్చిన దానిలో ఎక్కువభాగము దాని యజమానికే పోయెను. ఈ విషయము వచ్చు సమావేశమున మరల రానున్నది. అపుడు నేను కూడ మాటాడెదను.

గేదెల సంగతి ఎత్తి ఆ ఇంటిపెద్దతో వాదించుటకు మనవాడొకడు పోగా ఆయన, "సారూ, మీ గేదె తిన్నదని నా గుఱ్ఱమెందుకు తినవలెను?" అని మాత్రమనెనట. కోపపడి వ్యాపారము మానుకొనలేదు. గడ్డి లారీలు ఇప్పటికిని పోవుచున్నవి. తిరుగు ప్రయాణమున లద్దెను తెచ్చుకొనుచున్నాము. ఒక్కొక్క గుఱ్ఱము దినమునకు మూత్రముతో కలిపి 20 కిలోలకు మించి ఇచ్చును. లద్దె పచ్చిగా నున్నపుడు పేడకంటె వేగముగా వేడెక్కును. రెండు మూడు నెలలు కుప్పలో మాగనిచ్చి వాడవలెను. దానిని ఎత్తువారు కాళ్లకు చేతులకు గాయము లేకుండ చూచుకొని, ధనుర్వాతపు టీకా వేయించుకొనియుండవలెను.

ఈ పుష్యమున పది బస్తాల ఉలవ కావలెనని ఆయన కబురంపెను. షరతు ఒకటే. నూర్పిడినాడు తాను స్వయముగా కళ్లమునకు వచ్చి, ప్రతి బస్తాను క్రుమ్మరించి అడుగు చూచిన పిమ్మటనే కుట్టవలెను. ఉలవ వేసిన సభ్యులు తమ నూర్పిడి తేదీలను సంఘ కార్యాలయమున వ్రాయించవలెను.